ట్రాక్టరులో బిగుసుకుపోయిన డ్రెయిన్ ప్లగ్: తొలగింపు, మరమ్మతు, నివారణ

కాలువలకు నీరు వదిలిన నాటి నుంచి డెల్టా గ్రామాలలో ట్రాక్టరుకు విశ్రాంతి ఉండదు. ఒక వైపు నారుమడిలో మొక్క వయస్సు పెరుగుతూ ఉంటుంది. మరొక వైపు దమ్ము చేయవలసిన పొలాలు వరుసలో వేచి ఉంటాయి. స్వల్పకాలిక వరి రకాల నారును 20 నుంచి 25 రోజుల వయస్సులోను, మధ్యకాలిక రకాల నారును 25 నుంచి 30 రోజుల వయస్సులోను నాటుకోవడం సాధారణ సిఫారసు. నారు ముదిరినచో పిలకలు తగ్గుతాయి. ఆ లోటును పూడ్చుకోవడానికి కుదుళ్ల సంఖ్య పెంచి దగ్గరగా నాటవలసి వస్తుంది. కావున ఆ రోజులలో ట్రాక్టరు నిలిచిపోయినచో నష్టం బాడుగ రూపంలోనే కాక పంట రూపంలో కూడా కనిపిస్తుంది.

ట్రాక్టరు నిలిచిపోవడానికి ప్రతిసారీ పెద్ద కారణమే ఉండనవసరం లేదు. ఇంజన్ అడుగున బొటనవేలంత మందం గల డ్రెయిన్ ప్లగ్ కదలకపోవడం, చేతికి దొరికిన స్పానర్‌తో దానిని తిప్పబోయి తల అరగదీయడం, ఆపై ఉలితో కొట్టి సంప్‌ను పగులగొట్టడం చాలును. గంటలో ముగియవలసిన ఆయిల్ మార్పిడి వారం రోజుల మరమ్మతుగా మారుతుంది. ఇంతకంటె ప్రమాదకరమైన పరిణామం మరొకటి ఉన్నది. ప్లగ్ రాలేదన్న కారణంతో రైతు ఆయిల్ మార్చడమే మానివేస్తాడు. పాత ఆయిల్‌పై కొత్త ఆయిల్ కొద్దికొద్దిగా పోస్తూ ఒక పంటకాలం గడిపివేస్తాడు. తగ్గిన ఆయిల్ నిండుతుంది గాని, అందులో చేరిన మసి, లోహపు రజను, ఆమ్లాలు అట్లే ఉండిపోతాయి; వాటి ఫలితం బేరింగులపై, క్రాంక్‌షాఫ్ట్‌పై పడుతుంది.

బిగుసుకుపోయిన ప్లగ్‌ను తీయడం ప్రధానంగా బలానికి సంబంధించిన పని కాదు. క్రమానికి సంబంధించిన పని. తక్కువ హాని చేసే పద్ధతితో మొదలుపెట్టి, అది ఫలించనప్పుడు మాత్రమే తరువాతి మెట్టుకు వెళ్ళవలెను. ఈ క్రమాన్ని రైతుకు, డ్రైవరుకు నేర్పడం వ్యవసాయ విస్తరణలో భాగమే.

ప్లగ్ ఉండే చోటు, చేసే పని

ట్రాక్టరులో డ్రెయిన్ ప్లగ్ ఒకటే ఉండదు. ఇంజన్ ఆయిల్ నిలువ ఉండే సంప్ అడుగున ఒకటి ఉంటుంది. ఈ సంప్‌నే మెకానిక్‌లు ఛాంబర్ అని పిలుస్తారు. గేర్‌బాక్సు, డిఫరెన్షియల్ గృహం అడుగున వేరుగా ప్లగ్‌లు ఉంటాయి. కొన్ని నమూనాలలో వెనుక ఇరుసు రెండు చివరలా ఉండే ఫైనల్ డ్రైవ్‌లకు కూడా విడివిడిగా ప్లగ్‌లు ఉంటాయి. అనేక ట్రాక్టర్ల వాడుక పుస్తకాలు కొత్త ఇంజన్‌లో మొదటి 50 గంటలకు, ఆ తరువాత ప్రతి 250 గంటలకు ఇంజన్ ఆయిల్ మార్చవలసిందిగా సూచిస్తాయి. గేర్ ఆయిల్‌కు వ్యవధి ఇంకా ఎక్కువ. 1000 గంటల వరకు ఉండవచ్చు. అనగా గేర్‌బాక్సు ప్లగ్ సంవత్సరాల తరబడి కదలకుండా ఉండే అవకాశం ఉన్నది. బిగుసుకుపోయే ప్లగ్‌లలో ఇవి ముఖ్యమైనవి కావడానికి ఇదే కారణం.

నిర్మాణాన్ని బట్టి ప్లగ్‌లు రెండు రకాలు. మొదటి రకంలో మర తిన్నగా, ఒకే మందంతో ఉంటుంది. ఆయిల్ కారకుండా ఆపే పని మరది కాదు. తల కింద ఉండే రాగి, అల్యూమినియం లేదా ఫైబర్ వాషర్‌ది. రెండవ రకంలో మర కొన వైపు సన్నబడుతూ ఉంటుంది. దీనికి వాషర్ ఉండదు. మర తనంతట తాను రంధ్రంలో ఒత్తుకుపోయి ఆయిల్‌ను ఆపుతుంది. ఇటువంటి ప్లగ్‌ను అతిగా బిగించినచో అది పచ్చరవలె పనిచేసి పోత ఇనుప గృహాన్ని చీల్చగలదు. ప్లగ్‌పై చేయి వేసే ముందు అది ఏ రకమో వాడుక పుస్తకంలో చూసుకోవడం అవసరం.

ప్లగ్ ఆయిల్ పోయే దారి మాత్రమే కాదు. యంత్రం ఆరోగ్యాన్ని తెలిపే చోటు కూడా. దమ్ములో తిరిగే ట్రాక్టరు గృహాలు గంటల తరబడి బురదనీటిలో మునిగి ఉంటాయి. ఆయిల్ సీలు అరిగినచో నీరు లోపలికి చేరుతుంది. నీరు ఆయిల్ కంటె బరువైనది కనుక రాత్రంతా ట్రాక్టరును కదపకుండా నిలిపినచో అడుగుకు దిగుతుంది. ఉదయం ఇంజన్ నడపక ముందే ప్లగ్‌ను కొద్దిగా వదులు చేసినచో మొదట వచ్చేది ఆ నీరే. పూర్తిగా కలిసిపోయి ఉన్నచో ఆయిల్ మజ్జిగ రంగులో కనిపిస్తుంది. కొన్ని ప్లగ్‌ల కొనకు అయస్కాంతం ఉంటుంది. దానికి అంటుకున్నది మెత్తని బూడిదరంగు ముద్దవలె ఉన్నచో సాధారణమైన అరుగుదలగా భావించవచ్చును. పెచ్చులు, పళ్ల ముక్కలు ఉన్నచో గేర్లను పరీక్షించక తప్పదు. ప్లగ్ కదలనప్పుడు ఈ సమాచారమంతా అందకుండా పోతుంది. లోపల నిలిచిన నీరు ప్లగ్‌ను లోపలి వైపు నుంచి కూడా తుప్పు పట్టిస్తుంది.

బిగుసుకుపోవడానికి కారణాలు

మొదటి కారణం అతిగా బిగించడం. 20 సెంటీమీటర్ల పొడవు గల స్పానర్‌ను 15 కిలోల బలంతో లాగినచో ప్లగ్‌పై సుమారు 30 న్యూటన్ మీటర్ల తిప్పుడు బలం పడుతుంది. అదే స్పానర్‌కు పైపు తొడిగి, మొత్తం పొడవును ఒక మీటరు చేసి, అంతే బలంతో లాగినచో అది సుమారు 150 న్యూటన్ మీటర్లకు చేరుతుంది. చేతికి శ్రమలో తేడా తెలియదు. మరపై భారం మాత్రం అయిదు రెట్లు అవుతుంది. ఆయిల్ కారుతున్నదన్న భయంతో పైపు వేసి బిగించిన ప్లగ్ తరువాతి మార్పిడిలో అంతకంటె ఎక్కువ బలం కోరుతుంది. నిజానికి ఆ కారడానికి కారణం చాలావరకు పాత వాషరే అయి ఉంటుంది.

రెండవది తుప్పు. ఇనుము తుప్పుగా మారినప్పుడు దాని ఘనపరిమాణం రెట్టింపునకు పైగా పెరుగుతుంది. మరచుట్ల మధ్య ఉన్న వెంట్రుకవాసి ఖాళీలో ఈ పెరుగుదల జరిగినచో ప్లగ్, గృహం ఒకే ముద్దగా పట్టుకుంటాయి. బురద, ఎరువుల లవణాలు, పశువుల పెంట చేరిన నీరు ఈ చర్యను వేగవంతం చేస్తాయి. ఎరువుల బస్తాలు మోసిన ట్రాక్టరును కడగకుండా షెడ్డులో పెట్టడం ఇందుకు దారి తీస్తుంది.

మూడవది భిన్న లోహాల కలయిక. అల్యూమినియం గృహంలో ఉక్కు ప్లగ్ ఉండి, వాటి మధ్య తేమ చేరినచో విద్యుద్రసాయన చర్య వలన అల్యూమినియం క్షయమై తెల్లని పొడిగా మారి మరను పట్టివేస్తుంది. ఈ స్థితిలో బలవంతంగా తిప్పినచో ఉక్కు ప్లగ్‌కు ఏమీ కాదు. మెత్తనైన అల్యూమినియం మర మాత్రం ప్లగ్‌తోపాటు ఊడి వస్తుంది.

నాల్గవది తల పాడు కావడం. నిజానికి ఇది బిగుసుకోవడం కాదు; పట్టు పోవడం. మన గ్రామాలలో అంగుళాల కొలతల బోల్టులున్న పాత ట్రాక్టర్లు, మిల్లీమీటర్ల కొలతలు గల కొత్త ట్రాక్టర్లు పక్కపక్కనే పనిచేస్తున్నాయి. మెకానిక్ సంచిలో రెండు రకాల స్పానర్లు కలిసిపోయి ఉంటాయి. మూడు పాతిక అంగుళం అనగా 19.05 మిల్లీమీటర్లు, 19 మిల్లీమీటర్ల తలకు అది దాదాపు సరిపోతుంది. ఆ అనుభవంతో 17 మిల్లీమీటర్ల తలకు పదకొండు పదహారుల అంగుళం స్పానర్ వేస్తారు. దాని కొలత 17.46 మిల్లీమీటర్లు. దాదాపు అర మిల్లీమీటరు సందు ఉన్నప్పుడు స్పానర్ పలకలపై ఆనక మూలలపై మాత్రమే ఆనుతుంది. రెండు మూడు సార్లు జారిన తరువాత ఆరు పలకల తల గుండ్రబడిపోతుంది.

ఇప్పుడే తీయవలెనా?

ప్లగ్ కదలలేదని తెలిసిన క్షణంలో వేసుకోవలసిన మొదటి ప్రశ్న ఇది. నాట్ల కాలం నడుస్తూ, ప్లగ్ వద్ద ఆయిల్ కారకుండా ఉన్నచో, ఇంజన్ ఆయిల్ మార్పిడికి మరొక మార్గం ఉన్నది. ఇంజన్‌ను కొద్దిసేపు నడిపి ఆయిల్‌ను గోరువెచ్చగా చేసి, డిప్‌స్టిక్ గొట్టం ద్వారా సన్నని ప్లాస్టిక్ గొట్టం దించి, చేతి పంపుతో ఆయిల్‌ను పీల్చివేయవచ్చును. ఫిల్టరు మార్చి కొత్త ఆయిల్ పోసినచో పంట పని ఆగదు. ఈ పద్ధతిలో అడుగున పేరుకున్న మడ్డి పూర్తిగా రాదు. కావున దీనిని తాత్కాలిక ఏర్పాటుగానే భావించి, తేదీని, నడిచిన గంటలను పుస్తకంలో రాసి, నాట్లు ముగియగానే ప్లగ్ పని పూర్తి చేసుకోవలెను.

వాయిదా వేయరాని సందర్భాలు కూడా ఉన్నవి. ప్లగ్ వద్ద ఆయిల్ ధారగా కారుతున్నా, ఆయిల్ మజ్జిగ రంగుకు మారినా, ప్లగ్ చుట్టూ గృహంలో పగులు కనిపించినా యంత్రాన్ని నిలిపివేయవలసినదే. ఈ రెండు రకాల సందర్భాలను వేరుచేసి చెప్పగలగడమే విస్తరణ శాస్త్రవేత్త రైతుకు చేయగల మొదటి సాయం.

గేర్‌బాక్సు విషయంలో మరొక నియమం పాటించవలెను. ఆయిల్ పోసే ప్లగ్ తెరుచుకుంటున్నదని నిర్ధారించుకున్న తరువాతనే అడుగు ప్లగ్‌పై చేయి వేయవలెను. అడుగు ప్లగ్ తీసి ఆయిల్ అంతా వదిలిన తరువాత పై ప్లగ్ బిగుసుకున్నదని తెలిసినచో, ఖాళీ గేర్‌బాక్సుతో ట్రాక్టరు పొలంలోనే నిలిచిపోతుంది.

పనికి ముందు జాగ్రత్తలు

ట్రాక్టరును సమతలమైన గట్టి నేలపై నిలిపి, పరికరాన్ని నేలకు దించి, ఇంజన్ ఆపి తాళం చెవి తీసి, చేతి బ్రేకు వేసి, చక్రాలకు ముందు వెనుకల దిమ్మలు పెట్టవలెను. కేవలం జాకీపై నిలిపిన వాహనం కిందకు ఏ పరిస్థితిలోనూ దూరరాదు. ఆయిల్ వెచ్చగా ఉండవలెను గాని చేయి కాల్చేంత వేడిగా ఉండరాదు. మొండి ప్లగ్ ఒక్కసారిగా వదిలినప్పుడు ఆయిల్ మోచేతి మీదుగా ముఖంపైకి కారే ప్రమాదం ఉన్నది. కళ్లద్దాలు ధరించడం, ముఖాన్ని ప్లగ్‌కు సూటిగా కాక పక్కగా ఉంచుకోవడం అలవాటు చేసుకోవలెను.

తొలగించే క్రమం

మొదటి మెట్టు శుభ్రపరచడం. తీగ బ్రష్‌తో బురద, రంగు, గ్రీజు తొలగించి ప్లగ్ తల, దాని చుట్టూ ఉన్న గీత స్పష్టంగా కనిపించేలా చేయవలెను. ఆరు పలకల గుంట గల ప్లగ్ అయినచో గుంటలో గట్టిపడిన మట్టిని సన్నని మేకుతో తవ్వి తీయవలెను. మట్టి ఉన్నప్పుడు అలెన్ కీ సగం లోతు వరకే దిగి గుంట అంచులను కొరికివేస్తుంది. కీని అమర్చిన తరువాత చిన్న సుత్తితో ఒక్క దెబ్బ వేసి పూర్తిగా కూర్చునేలా చేయడం మంచిది.

రెండవ మెట్టు సరియైన స్పానర్, సరియైన దిశ. నోరు తెరిచిన స్పానర్ రెండు పలకలనే పట్టుకుంటుంది. రింగ్ స్పానర్ లేదా సాకెట్ తల చుట్టూ పట్టుకుంటుంది. అందులోనూ పన్నెండు మూలల సాకెట్ కంటె ఆరు పలకల సాకెట్ మేలైనది. ఇది మూలలపై కాక పలకలపై ఒత్తిడి వేస్తుంది. దిశ విషయంలో అనుభవజ్ఞులు కూడా పొరబడుతుంటారు. ప్లగ్ తలను ఎదురుగా చూస్తున్నప్పుడు గడియారపు ముల్లుకు వ్యతిరేకంగా తిప్పినచో వదులవుతుంది. పక్కన నిలబడి పై నుంచి చేయి చాచి తిప్పే వ్యక్తికి ఇదే దిశ తలకిందులుగా తోస్తుంది. ఆ విధంగా వదులు చేస్తున్నామనుకుంటూ మరింత బిగించిన ప్లగ్‌లు కూడా ఉంటాయి.

స్పానర్‌పై క్రమంగా బలం పెంచుతున్నప్పుడు చేతికి తెలిసే స్పర్శను గమనించవలెను. గట్టిగా నిలిచి హఠాత్తుగా చిన్న చప్పుడుతో వదిలినచో అది మంచి సూచన. రబ్బరువలె సాగుతూ, వదిలిన వెంటనే వెనుకకు వస్తున్నచో లోహం మెలిపడుతున్నదే గాని మర తిరగడం లేదు. అక్కడితో ఆపివేయవలెను. పైపు తొడగవలసిన సమయం అది కాదు.

మూడవ మెట్టు నూనె, దెబ్బ, ఓపిక. తుప్పును వదిలించే నూనెను ప్లగ్ చుట్టూ గీతలో పూసి వేచి ఉండవలెను. అది దొరకని చోట కిరోసిన్‌లో కొద్దిగా పలుచని ఆయిల్ కలిపి వాడవచ్చును. ప్లగ్ అడుగున ఉన్నందున నూనె కిందికి జారిపోతుంది. కావున నూనెలో తడిపిన గుడ్డను ప్లగ్ చుట్టూ కట్టి రాత్రంతా ఉంచడం ప్రయోజనకరం. మరునాడు ప్లగ్ తల మధ్యలో సుత్తితో సూటిగా, తేలికగా కొన్ని దెబ్బలు వేయవలెను. ఆ అదురుకు తుప్పు పొర చిట్లి నూనె లోపలికి పాకుతుంది. అల్యూమినియం, పలుచని రేకు సంప్‌లపై మాత్రం ఈ పని చేయరాదు. తరువాత మొదట కొద్దిగా బిగించే దిశలో, ఆపై వదులు చేసే దిశలో తిప్పవలెను. పావు చుట్టు వదిలిన వెంటనే మొత్తం తీసివేయాలని తొందరపడక, ముందుకు వెనుకకు ఆడిస్తూ నూనె వేస్తూ తీసినచో మర చెడదు.

నాల్గవ మెట్టు వేడి. వేడి చేయవలసినది ప్లగ్‌ను కాదు, దాని చుట్టూ ఉన్న గృహాన్ని. గృహం వ్యాకోచించినప్పుడు రంధ్రం కూడా పెద్దదవుతుంది. అల్యూమినియం వ్యాకోచ గుణకం ఉక్కుకు దాదాపు రెట్టింపు. కావున అల్యూమినియం గృహంలో ఉక్కు ప్లగ్‌కు ఇంజన్ వెచ్చదనమో, మరిగే నీటిలో ముంచిన గుడ్డలో చుట్టబెట్టడమో చాలావరకు సరిపోతుంది. దానిపై గ్యాసు మంట పెట్టరాదు. అల్యూమినియం 660 డిగ్రీల సెల్సియస్ వద్ద కరుగుతుంది. మిశ్రమ లోహాలు అంతకు ముందే మెత్తబడతాయి. కరిగే ముందు అది ఇనుమువలె ఎర్రబడి హెచ్చరించదు. పోత ఇనుప గృహాన్ని మంటతో వేడి చేయవలసి వచ్చినచో ఆయిల్‌ను ముందుగా పీల్చివేసి, డీజిల్ గొట్టాలకు దూరంగా, ఇసుక బకెట్టు దగ్గర ఉంచుకుని, చుట్టూ సమానంగా వేడి చేయవలెను. ఆ వేడిలో మర గీతకు మైనపు వత్తి తాకించినచో కరిగిన మైనం లోపలికి పాకి కందెనవలె పనిచేస్తుంది. వేడెక్కిన పోత ఇనుముపై చన్నీళ్లు పోయరాదు; పగులుతుంది.

తల పాడైన ప్లగ్

పలకలు గుండ్రబడినప్పుడు పైన చెప్పిన నూనె, వేడి యథాతథంగా వర్తిస్తాయి. మారేది పట్టు మాత్రమే. తల తగినంత పెద్దదైనచో ఆకురాయితో రెండు ఎదురెదురు పలకలను తిరిగి చదును చేసి, తక్కువ కొలత స్పానర్‌ను బిగువుగా అమర్చవచ్చును. లేదా ఒక కొలత చిన్నదైన ఆరు పలకల సాకెట్‌ను సుత్తితో కొట్టి తలపై కూర్చోబెట్టవచ్చును. పైపు రెంచి, బిగింపు ప్లయర్ కూడా ఉపయోగపడతాయి; అయితే ఒకసారి సరిగా పట్టుకోవలెను. పదిసార్లు జారినచో మిగిలిన లోహం కూడా పోతుంది. తల అంచున ఉలితో గాటు పెట్టి వదులయ్యే దిశలో కొట్టడం పాత పద్ధతి. మందమైన పోత ఇనుప గృహంపై అనుభవజ్ఞుడు చేయదగినదే గాని మరొకరు చేయదగినది కాదు.

ఇవన్నీ విఫలమైనప్పుడు ప్లగ్‌పై ఒక నట్టు పెట్టి, నట్టు రంధ్రంలో వెల్డింగ్ చేసి, ఆ నట్టును పట్టి తిప్పడం సమర్థమైన పద్ధతి. కొత్త తల దొరకడమే కాక వెల్డింగ్ వేడికి తుప్పు పట్టు కూడా సడలుతుంది. ముందుగా ఆయిల్ తీసివేసి, చుట్టూ ఉన్న ఆయిల్ మరకలు తుడిచి, బ్యాటరీ తీగ విప్పిన తరువాతనే ఈ పని చేయించవలెను. ప్లగ్ లోపల విరిగిపోయినచో మధ్యలో రంధ్రం చేసి ఎడమ మర గల ఎక్స్‌ట్రాక్టరుతో తీయవలసి ఉంటుంది. ఎక్స్‌ట్రాక్టరు గట్టి ఉక్కుతో చేసినది. లోపల విరిగినచో దానిని డ్రిల్ కూడా కోయలేదు. కావున ఈ మెట్టు నుంచి పనిని లేత్ వర్క్‌షాపునకు అప్పగించడం వివేకం.

కొన్నిసార్లు ప్లగ్ సులువుగా తిరుగుతూనే ఉంటుంది గాని బయటకు రాదు. మర పూర్తిగా తెగిపోయిందనో, రేకు సంప్ లోపల అతికిన నట్టు ఊడిపోయిందనో దీనికి అర్థం. మొదటి సందర్భంలో తల కింద స్క్రూడ్రైవరు మొన దూర్చి వెలుపలికి ఒత్తుతూ తిప్పినచో మిగిలిన చుట్లు పట్టుకుని ప్లగ్ బయటపడుతుంది. రెండవ సందర్భంలో సంప్‌ను దించక తప్పదు. రేకు సంప్‌ను దించడం సులభమే. కొన్ని ట్రాక్టర్లలో పోత ఇనుప సంప్ యంత్రపు బరువును మోసే చట్రంలో భాగం కనుక ఆ పని అధీకృత వర్క్‌షాపులోనే జరగవలెను.

మర చెడినప్పుడు

ప్లగ్ వచ్చిన తరువాత రంధ్రంలోని మరను దీపం వెలుగులో పరీక్షించవలెను. మొదటి ఒకటి రెండు చుట్లు మాత్రమే నలిగి ఉన్నచో అదే కొలత ట్యాపుతో శుభ్రపరచిన చాలును. సగానికి పైగా పోయినచో రెండు మార్గాలు ఉన్నవి. మొదటిది రంధ్రాన్ని తదుపరి పెద్ద కొలతకు మర కోసి, దానికి సరిపడే ప్లగ్ వేయడం. చుట్టూ తగినంత మందం ఉన్నప్పుడు ఇది చౌకైన పరిష్కారం. రెండవది తీగ చుట్ట రూపంలో ఉండే ఉక్కు మర తొడుగు అమర్చి పాత కొలత ప్లగ్‌నే వాడటం. అల్యూమినియం గృహాలకు ఇది ఎక్కువ మన్నిక ఇస్తుంది. మర కోసేటప్పుడు ట్యాపు గాళ్లలో దట్టంగా గ్రీజు పూసినచో రజను దానికి అంటుకుంటుంది. పని ముగిసిన తరువాత కొద్దిపాటి ఆయిల్ పై నుంచి పోసి, రంధ్రం గుండా వదిలి, మిగిలిన రజనును కడిగివేయవలెను. జిగురు మందులతో రంధ్రాన్ని మూసివేయడం మరమ్మతు కాదు. తరువాతి మార్పిడిని అసాధ్యం చేయడం మాత్రమే.

తిరిగి బిగించుట

తదుపరి తొలగింపు కష్టమా, సులభమా అన్నది ఈ అయిదు నిమిషాలలో నిర్ణయమవుతుంది. పలకలు ఏ మాత్రం అరిగి ఉన్నా కొత్త ప్లగ్ వేయవలెను. వాషర్‌ను ప్రతిసారీ మార్చవలెను. రాగి వాషర్ కొత్తది దొరకనప్పుడు పాతదానిని ముదురు ఎరుపు రంగు వచ్చే వరకు కాల్చి చల్లార్చినచో తిరిగి మెత్తబడి ఒకసారి ఉపయోగపడుతుంది. ప్లగ్, రంధ్రం మరలను శుభ్రంగా తుడిచి, మొదటి మూడు నాలుగు చుట్లు స్పానర్ లేకుండా వేళ్లతో మాత్రమే తిప్పవలెను. వేళ్లకు తిరగని ప్లగ్ అడ్డమర పడుతున్నదని అర్థం. వెనుకకు తిప్పి మళ్లీ మొదలుపెట్టవలెను. ఆపై వాడుక పుస్తకంలో సూచించిన మేరకు టార్క్ రెంచితో బిగించవలెను. బిగించిన తరువాత ప్లగ్, గృహం రెండింటిపై కలిసేలా ఒక రంగు గీత గీసినచో ప్లగ్ వదులైనప్పుడు గీత విడిపోయి కంటికి కనిపిస్తుంది. ఆయిల్ పోసి, ఇంజన్‌ను కొద్ది నిమిషాలు నడిపి, ప్లగ్ వద్ద కారడం లేదని చూసుకున్న తరువాతనే ట్రాక్టరును పనికి పంపవలెను.

బయటకు తీసిన పాత ఆయిల్‌ను కాలువలోగాని, గట్టుపైగాని పారబోయరాదు. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం వాడిన ఆయిల్ ప్రమాదకర వ్యర్థం. డబ్బాలో నిలువ చేసి అధీకృత సేకరణదారులకు అందించవలెను.

విస్తరణ కార్యక్రమాలలో చేర్చవలసిన అంశాలు

అనంతపురం జిల్లా గార్లదిన్నెలోని దక్షిణ ప్రాంత వ్యవసాయ యంత్ర శిక్షణ, పరీక్షా సంస్థ వంటి కేంద్రాలలో యంత్రాల వాడకం, నిర్వహణపై శిక్షణ లభిస్తుంది. అయితే అందరు డ్రైవర్లూ అక్కడకు చేరలేరు. 2014-15లో మొదలైన వ్యవసాయ యాంత్రీకరణ ఉపమిషన్ తరువాత కస్టమ్ హైరింగ్ కేంద్రాలకు ప్రోత్సాహం లభించింది. అక్కడ ఒకే ట్రాక్టరును పలువురు నడుపుతారు. ప్లగ్ ఎవరు బిగించారో, ఎంత బిగించారో తెలియదు. కావున ఈ కేంద్రాలలో ప్రతి ట్రాక్టరుకు ఒక నిర్వహణ పుస్తకం ఉండవలెను. ఆయిల్ మార్చిన తేదీ, గంటలు, ప్లగ్ తల కొలత, వాషర్ మార్చినదీ లేనిదీ అందులో నమోదు కావలెను.

కృషి విజ్ఞాన కేంద్రాలు మే నెలలోనే, అనగా కాలువలకు నీరు రాక ముందే, ఒక రోజు ప్రదర్శన ఏర్పాటు చేయవచ్చును. దీనికి ఖరీదైన సామగ్రి అవసరం లేదు. తల గుండ్రబడిన ప్లగ్, మర ఊడిన ప్లగ్, వాషర్ లేని ప్లగ్, మంచి ప్లగ్ నాలుగింటిని ఒక చెక్కపై అమర్చి చూపినచో ఉపన్యాసం కంటె ఎక్కువగా గుర్తుంటుంది. పాత సంప్ ఒకటి తెచ్చి, డ్రైవర్ల చేత మొదట తమకు తోచినట్లు, ఆపై టార్క్ రెంచితో ప్లగ్ బిగింపజేసినచో రెండింటి మధ్య తేడా వారి చేతికే తెలుస్తుంది. గ్రామీణ వ్యవసాయ పని అనుభవ కార్యక్రమంలో పాల్గొనే విద్యార్థులు తమ గ్రామంలోని ట్రాక్టర్ల ప్లగ్‌ల స్థితిని పరిశీలించి నమోదు చేయడం ఉపయోగకరమైన అభ్యాసం అవుతుంది. ఏ ట్రాక్టరు నాట్ల కాలంలో నిలిచిపోయే అవకాశం ఉన్నదో ఆ జాబితా ముందుగానే సూచిస్తుంది.

సరియైన కొలత సాకెట్ ఒకటి, రెండు కొత్త వాషర్లు, తుప్పు నూనె డబ్బా ఒకటి ట్రాక్టరు పనిముట్ల పెట్టెలో ఉండటం పెద్ద ఖర్చు కాదు. వేసవిలో ఒకసారి ప్రతి ప్లగ్‌ను వదులు చేసి, తుడిచి, కొత్త వాషర్‌తో బిగించి పెట్టుకున్న రైతుకు జూలైలో దానిపై బలప్రయోగం చేయవలసిన పని ఉండదు. నారు వయస్సు దాటక ముందే అతని పొలంలో దమ్ము పూర్తవుతుంది.